దూదిలో పోయిన ముక్కుపుడక

కోడలిగా ఆళ్లగడ్డకు వచ్చిన కొత్తలో మా అత్తగారింట్లో అందరికీ కొంచెం మతి చెడిందేమో అనుకున్నాను. బీరువా పిడికి గుడ్డ చుట్టి ఉంది. తాళంచెవుల తలలకు గుడ్డ కుట్టి ఉంది. కుళాయి తిప్పే చోట పాత దిండు గలీబు ముక్క కట్టి ఉంది. ఎవరి జాకెట్లకూ హుక్కుల్లేవు, అన్నీ ముడులే. కొంగు నిలవడం లేదని పిన్నీసు అడిగితే, మా అత్త గుల్జార్‌బీ నేను తేలును అడిగినట్టు చూసింది.

"ఈ ఇంట్లో పిన్నీసులు ఉండవు షమా. కొంగు నడుంలో దోపుకో," అన్నది.

ఇదంతా ఒక్క మనిషి కోసం. మా ఆడబిడ్డ ఆర్షియాకు లోహం పడదు. గడియారం పెట్టుకుంటే మణికట్టు చుట్టూ పొక్కుతుంది. ప్యాంటు గుండీ తగిలిన చోట దురద లేచి నీరు కారుతుంది. గిల్టు నగల సంగతి చెప్పనే అక్కర్లేదు. కూతురికి ఏదీ తగలకూడదని మా అత్త ఇల్లంతా గుడ్డలు చుట్టింది. పరుపులు కుట్టే కొంప కాబట్టి పీలికలకు కరువు లేదు. నేను మొదట నవ్వుకున్నాను, తర్వాత విసుక్కున్నాను, ఆ తర్వాత కొత్త తలుపుకు గొళ్లెం బిగించిన రోజు నేనే వెళ్లి దానికి గుడ్డ చుట్టాను.

మా మామ లాల్ సాహెబ్‌ది దూది ఏకి పరుపులు కుట్టే పని. ఇంటి ముందు వరండాలోనే ఏకే మిషను. కొత్త పరుపులు కుట్టించుకునే వాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు, అందరికీ స్పాంజి పరుపులు కావాలి. ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లు మాత్రం పాత పరుపు తెచ్చి దూది మళ్లీ ఏకించుకుపోతారు. మామ కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని చాప మీద పరుస్తాడు. మిషనులో వేసే ముందు అరచేత్తో దాన్నంతా నిదానంగా నిమురుతాడు. రాళ్లూ గింజలూ ఏరుతున్నాడని నేను చాలా రోజులు అనుకున్నాను. ఆయన వెతికేది మా అత్త ముక్కుపుడకను.

ఆ కథ ఊళ్లో అందరికీ తెలుసు. నేను ఈ ఇంటికి రాకముందు, ఒక రోజు దూది ఏకుతుంటే మా అత్త ముక్కుపుడక అందులో పడిపోయిందట. ఎర్రరాయి పుడక, వాళ్లమ్మ ఇచ్చింది. మామ ఆ రోజు దూదంతా జల్లెడ పట్టాడు. దొరకలేదు. అప్పుడు కుట్టి పంపిన పరుపుల ఇళ్లకు పోయి, వాళ్లను బతిమాలి, కుట్లు విప్పి చూసి, మళ్లీ కుట్టి వచ్చాడు. మా పుట్టినూరు చాగలమర్రిలో ఒక కొత్త పెళ్లికూతురి పరుపు కూడా విప్పాడు. లాల్ సాహెబ్ కొడుకు రఫీక్‌తో నాకు సంబంధం వచ్చినప్పుడు మా పుట్టింటి వాళ్లు మొదట తలుచుకున్నది ఆ పరుపునే. ఆ రోజు దూది ఏ పరుపులోకి చేరిందో ఏమో అని, ఎవరు పాతది తెచ్చినా ఆయన చెయ్యి ఇప్పటికీ లోపలికి పోతుంది.

మొగుడుండగా ఆడది బోసి ముక్కుతో తిరగడం మా వాళ్లలో మంచిది కాదంటారు. వేరేది చేయిస్తానని మామ ఎన్నిసార్లు అన్నా అత్త వినలేదు. "పోయిందేదో పోయింది. నాకు ముక్కుకేం వద్దు," అనేది. మామ దూది నిమిరేటప్పుడు దుమ్ము పడుతుందని కొంగు ముక్కు మీదికి లాక్కుని, అటు తిరిగి కూర్చునేది. అంత దుమ్ము ఎక్కడుందో నాకు కనపడేది కాదు.

ఆర్షియా చెవుల సంగతి అత్త నాకు ఒక్కసారిగా చెప్పలేదు. పరుపుకు అటు ఆమె, ఇటు నేను కూర్చుని దబ్బనంతో కుట్లు వేసేటప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పింది. పిల్ల రెండో తరగతిలో ఉండగా చెవులు కుట్టించారు. బంగారువి పెడితే ఆటల్లో పారేసుకుంటుందని, బజారులో బాగా మెరిసే గిల్టు కమ్మలు అత్తే ఏరి తెచ్చింది. కొద్ది రోజులకే చెవులు వాచి చీము పట్టాయి. మట్టి చేతులతో ముట్టుకున్నావని అత్త తిట్టింది. "నేను ముట్టుకోలే మా," అని పిల్ల ఏడ్చింది. పసుపూ నూనే రాసింది. తగ్గలేదు. ఈసారి కొట్టింది. "ముట్టుకోలే మా," అని పిల్ల మళ్లీ అదే మాట. చివరికి పరుపు గుడ్డ పీలికలు తీసుకుని, పడుకోబోయే ముందు దాని చేతులు రెండూ మంచం కోళ్లకు కట్టేయడం మొదలుపెట్టింది. పొద్దున్నే విప్పేది. చెవి తమ్మెలు రెండూ చీలిపోయాక గానీ కమ్మలు తీయలేదు.

"చేతులు కట్టేసినా గదా, అయినా చీము ఎందుకు పడతాండాదని ఒక్క తూరి ఆలోచన చేసింటే సరిపాయె," అన్నది అత్త దబ్బనం ఆపి. "నాకు ఆ బుద్ధి రాలే షమా. ముడి ఇంకా గట్టిగా వేసినా."

ఆర్షియా ఇంటరు చదివేటప్పుడు ఒంటి మీద పొక్కులు ఎక్కువై డాక్టరుకు చూపించారు. ఇది మురికి వల్ల వచ్చేది కాదు, గిల్టులో కలిపే నికెల్ అనే లోహం ఈ పిల్లకు పడదు, చెవులు అప్పుడు పాడైంది కూడా అందుకే అయ్యుంటుంది అని ఆయన చెప్పాడు. ఆ మాట విని వచ్చాకే ఇంట్లో గుడ్డలు చుట్టడం మొదలైంది.

ఆర్షియా ఇప్పుడు నంద్యాలలో కళ్లద్దాల షాపులో పని చేస్తుంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. చీలిన తమ్మెలు కనపడకుండా చున్నీ చెవుల మీదికి కప్పుకుంటుంది. వచ్చిన వాళ్ల ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందా లేదా చూడటం ఆమె పని. అంటే పొద్దస్తమానం ముక్కులే చూస్తుంది. రాయివీ, పువ్వువీ, రింగువీ, ఎన్ని రకాల పుడకలు ఉంటాయో వచ్చి నాకు చెప్పేది. ఆ షాపులోకి టైటానియం ఫ్రేములు వచ్చాయి, వేరే లోహాలు పడని వాళ్లకు ఇవి పనికొస్తాయట. కళ్లు శుభ్రంగా కనపడుతున్నా ఆర్షియా ఒకటి తెచ్చుకుని పెట్టుకు తిరిగింది. కొత్త సోకు పట్టిందే నీకు అని నేను ఏడిపించాను. నెల దాటినా ముక్కు మీద చిన్న దద్దు కూడా లేవలేదు.

అప్పుడొక ఆదివారం అన్నాల దగ్గర అన్నది, "అమ్మా, నేను ముక్కు కుట్టించుకుంటా."

అత్త చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "వద్దు."

"టైటానియంది పెట్టించుకుంటా. అది నాకు పడుతాది. అద్దాలు చూసినావ్ గదా."

"వద్దంటాండా గదా. చెవులు పోయింది చాలదా? ఇంక మొగం కూడా పోవల్లనా?"

"చెవులు నేను పోగొట్టుకోలే," అన్నది ఆర్షియా.

అనేసి నాలుక కరుచుకుంది గానీ, అప్పటికే అత్త కంచం తీసుకుని లేచిపోయింది. మామ ఏమైందన్నట్టు నా వైపు చూశాడు. నేను మజ్జిగ గిన్నె వైపు చూశాను.

ఆ పిల్ల ఒక్కతే పోయి కుట్టించుకుని రావచ్చు. సొంతంగా ఉద్యోగం చేసుకునే పిల్ల, ఎవరు ఆపుతారు? ఆ మాటే అన్నాను.

"అట్లా చేస్తే, రేపు కొంచెం ఎర్రగైనా అమ్మ తన తలే కొట్టుకుంటాది వదినా," అన్నది. "ఆ ఒక్క మాట జారినందుకే నాకు అన్నం పోతాలేదు. అమ్మ మనసులోంచి సరే అంటేనే కుట్టించుకుంటా. లేకుంటే లేదు."

అత్తను కదిలిస్తే ఆమెది ఇంకో ఏడుపు. "వద్దంటే దాని ముచ్చట చంపినదాన్నయితా. సరే అని, మళ్లా చీము పట్టిందనుకో, నా తలకాయ యాడ పెట్టుకునేది?" రోజంతా దబ్బనంతో ఇంత మందం పరుపులు పొడిచే మనిషి, కూతురి ముక్కుకు సూది అనేసరికి వణికిపోయింది. పిల్ల పుడక కావాలని పేచీ పెట్టినా బాగుండేది. అమ్మ బాధ పడుతుందని పిల్ల, పిల్ల బాధ పడుతుందని అమ్మ, ఇద్దరూ మొహాలు వేలాడేసుకుని తిరుగుతుంటే మధ్యలో నాకు ఒళ్లు మండింది. ముందు పరీక్ష చేయించండి, తర్వాత ఏడవండి అని నేనే గట్టిగా అన్నాను.

నంద్యాలలో చర్మం డాక్టరమ్మ ఒకామె ఆ పరీక్ష చేస్తుంది. రకరకాల లోహాల మందు ఉన్న పట్టీలు వీపుకు అంటించి, కొన్ని రోజులు ఉంచి, ఎక్కడ ఎర్రబడిందో చూస్తారు. పెట్టుకోదల్చుకున్న నగ తెస్తే దాన్ని కూడా అంటిస్తానన్నదట. ఆర్షియా ఆన్‌లైన్లో ఒక టైటానియం పుడక తెప్పించుకుంది.

మేమిద్దరం బయల్దేరే రోజు పొద్దున అత్త నన్ను దూది గదిలోకి పిలిచింది. జాకెట్లోంచి చిన్న గుడ్డముడి తీసి నా చేతిలో పెట్టింది. విప్పాను. ఎర్రరాయి ముక్కుపుడక.

"మా అమ్మది. మేలిమి బంగారం," అన్నది గొంతు తగ్గించి. "అదేందో ఇనుము రంగుది కంటే ఇది మేలు. దీన్ని కూడా అంటించమను. దీనికి ఏమీ కాదు."

నేను నోరున్నదాన్నని మా ఆయన రఫీక్ ఊరంతా చెబుతాడు. ఆ రోజు మాత్రం గుసగుసగానే అడిగాను. "అత్తా, ఇది దూదిలో..."

"దూదిలో పడలే. నేనే తీసినా. డాక్టరు చెప్పిన రోజు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దాని చెవులు పాడుచేసి, నేను ముక్కుకి ఎర్రరాయి పెట్టుకుని తిరిగేదా? చేతులు కట్టేసినా షమా దానికి. తీసేసినా. మీ మామ అడిగితే ఏం చెప్పల్ల? మొగుడుండంగానే పుడక తీసినా అంటే, ఆయనకు ఏమన్నా అయితే అదొకటి. నోటికొచ్చిన అబద్ధం చెప్పినా. ఒక పూట దేవులాడి ఊరుకుంటాడులే అనుకుంటి."

బయట వరండాలో మామ ఎవరిదో పరుపు కుట్లు తెంపుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. నేను ఆ ముడి దాచుకుని, ఆయనకు టీ ఇచ్చి, మొహం చూడలేక గబగబా వచ్చేశాను. ఏ పాపమూ ఎరగనిదాన్ని, బస్సులో దొంగలా కూర్చున్నాను. డాక్టరమ్మ ముందు ముడి విప్పగానే ఆర్షియా గుర్తుపట్టింది. జరిగింది చెప్పాను. వింటూ చీలిన తమ్మెను చున్నీలోంచే పట్టుకుని కూర్చుంది. "అయితే అమ్మ ముక్కు నా వల్ల బోసిపోయిందా వదినా?" అన్నది. నాకు తిట్టాలనిపించింది. ఈ ఇంట్లో తప్పును ఎవరికి వాళ్లు నాదంటే నాదని లాక్కుంటారు.

పట్టీలు ఉన్నన్ని రోజులూ స్నానం కూడదు, వీపుకు చెమట పట్టకూడదు. ఆళ్లగడ్డ ఎండల్లో చెమట పట్టకూడదట! అత్త పనంతా నా మీద పడేసి, విసనకర్ర పట్టుకుని కూతురి వెనక కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది కదత్తా అంటే, "తిరగనీ," అన్నది.

పట్టీలు విప్పిన రోజు చూస్తే, నికెల్ పెట్టిన చోట వాత పెట్టినట్టు ఎర్రగా ఉంది. అది తెలిసిందే. టైటానియం కింద ఏమీ లేదు. అత్త పుడక అంటించిన చోట ఎర్రటి మచ్చ, దాని మీద నీటి పొక్కులు. పైకి కనపడేది మంచి బంగారమే కావచ్చు, అతకడానికో, వెనక మర చేయడానికో వేరేది కలిపి ఉంటారు, ఇది మాత్రం ఈ అమ్మాయికి వద్దు అన్నది డాక్టరమ్మ. టైటానియంతో కుట్టడానికి తనకు అభ్యంతరం లేదట. అయినా పూచీ ఎవరూ ఇవ్వలేరు, ఆలోచించుకుని రండి అన్నది.

ఇంటికి రాగానే అత్త కూతురి వీపు చూసింది. ఆ మచ్చ మీద వేలు పెట్టబోయి ఆపుకుంది.

"ఇది కూడా కరిచిందా," అన్నది. "మళ్లా నేనే అంటించినా దానికి."

"పరీక్ష గదా మా అది. నువ్వేం చేసినావ్?" అని ఆర్షియా ఎంత చెప్పినా వినలేదు. పుడకను మళ్లీ గుడ్డలో ముడేసి పట్టుకుపోయింది. ఆ తర్వాత ముక్కు మాట ఎవరూ ఎత్తలేదు. ఆర్షియా టైటానియం పుడకను డబ్బాలో పెట్టి బీరువా పైన పడేసింది. వద్దులే వదినా, వదిలెయ్ అన్నది. అంతటితో అది అయిపోయిందనే నేనూ అనుకున్నాను.

రెండు రోజులు పోయాక పక్క ఊరి వాళ్లు ఒక పాత పరుపు తెచ్చి వేశారు. మామ విప్పాడు, చాప మీద పరిచాడు. నేను గలీబు దులుపుతున్నాను. అత్త కొంగు ముక్కు మీదికి లాక్కుంది. మామ వంగి, దూదిని ఒక కొస నుంచి నిమరడం మొదలుపెట్టాడు.

"దేవులాడొద్దు," అన్నది అత్త.

"ఏందీ?"

"దాన్ని దేవులాడొద్దు. దూదిలో లేదు. నా కాడ ఉంది."

మామ చెయ్యి దూదిలోనే ఆగింది. అత్త తల ఎత్తకుండా మొత్తం చెప్పేసింది. గిల్టు కమ్మలు, చేతులు కట్టేయడం, డాక్టరు మాట, పుడక తీయడం, అబద్ధం. నేను దులిపిన గలీబునే మళ్లీ దులుపుతున్నాను. మామ దూదిలోంచి చెయ్యి తీసి, వేళ్లకు అంటుకున్న పోగులు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరిచినా బాగుండేది.

"పిల్ల చేతులు కట్టేసినప్పుడు నేనూ ఈ ఇంట్లోనే ఉండా గదా," అన్నాడు చివరికి. "ఒక్కనాడన్నా పోయి విప్పినానా?"

లేచి మిషను దగ్గరికి పోతూ, "నా చేత మాత్రం ఊళ్లో పరుపులన్నీ విప్పించినావ్," అన్నాడు.

మరుసటి రోజు ఇంకో పరుపు వచ్చింది. మామ విప్పి పరిచాడు. ఆయన చెయ్యి తనంతట తానే దూది మీదికి పోయింది. సగం నిమిరాక గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. అత్త అది చూసి లోపలికి పోయి ఏడ్చింది. నేను అడ్డం పోలేదు.

సాయంత్రం ఆర్షియా బస్సు దిగి ఇంట్లోకి అడుగు పెట్టగానే, అత్త బీరువా పైనుంచి ఆ డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టింది. "రేపు నేనూ వస్తా నంద్యాలకు. కుట్టించుకో."

"నా కోసం అంటాండావా, నిజంగానే అంటాండావా?"

"భయమైతాంది," అన్నది అత్త. "నిజమే చెప్తాండా. కానీ నా భయానికి నీకు ఇంకోసారి చేతులు కట్టేస్తానా? వాచితే వాచుతాది. ఈసారి నువ్వు నొప్పి అంటే నమ్ముతా. ఆ గడియలోనే తీయిద్దాం."

డాక్టరమ్మ గదిలో ఆర్షియాను కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టారు. ముక్కు ఎడమ పక్కన పెన్నుతో చుక్క పెట్టారు. "అమ్మా, అమ్మాయి చేతులు పట్టుకోండి. కదిలితే సూది వంకర పోతుంది," అన్నది డాక్టరమ్మ.

అత్త వెనక్కి నడిచి గోడకు ఆనుకుంది. "నేను పట్టుకోను. షమా, నువ్వు పట్టుకో."

నేను ముందుకు పోయాను. ఆర్షియా నాకు చేతులివ్వలేదు. రెండు చేతులూ అమ్మ వైపు చాపి, "నువ్వే పట్టుకో మా," అన్నది.

అత్త ఎంతసేపటికీ రాలేదు. డాక్టరమ్మ సూది పట్టుకుని మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. చివరికి వచ్చింది. కూతురి చేతులను తన అరచేతుల్లో పెట్టుకుంది గానీ, వేళ్లు మూయలేదు. ఆర్షియానే తన వేళ్లతో అమ్మ చేతులను గట్టిగా పట్టుకుంది. సూది దిగినప్పుడు కళ్లలోంచి నీళ్లు కారాయి గానీ పిల్ల కదల్లేదు. అత్త కళ్లు మూసుకుని దువా చదువుతోంది. అయిపోయిందని డాక్టరమ్మ చెప్పినా కళ్లు తెరవలేదు.

పుడక చిన్న చుక్కంత, బూడిద రంగు. నేను తెమ్మన్నది రాయిది, ఆర్షియా వినలేదు. అయినా ఆ ముక్కుకు బాగానే ఉంది. ఉప్పునీళ్లతో కడగాలి, దాని మీద చెయ్యి పెట్టకూడదు అని డాక్టరమ్మ చెప్పింది. చెయ్యి పెట్టకూడదు అన్నప్పుడు అత్త తల దించుకుంది.

ఆళ్లగడ్డ బస్సులో ముగ్గురం ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నాం. ఆర్షియా కిటికీ పక్కన, అత్త మధ్యలో. అద్దంలో తన ముక్కు కనపడుతుందేమో అని ఆర్షియా మొహం అటూ ఇటూ తిప్పుతోంది. అలా తిప్పుతూ తిప్పుతూ చెయ్యి పైకెత్తింది. అత్త చూసింది. ఆర్షియా కూడా అమ్మ చూడటం చూసి, చెయ్యి ముక్కు దాకా పోకుండానే ఆపేసి, కొంచెం నవ్వుతూ ఆ చెయ్యి అమ్మ ఒళ్లో పెట్టింది.

"ముట్టుకోలే మా," అన్నది.

అత్త ఆ చేతిని తిప్పి మణికట్టు చూసుకుంటూ కూర్చుంది. "తెలుసు," అన్నది. శిరివెళ్ల దాటాక మళ్లీ నోరు తెరిచింది.

"అప్పుడూ ముట్టుకోలే నువ్వు."